జయపాల్ మాట, మూర్తిగారి మైకు

సత్తెనపల్లిలో మనిషి పెళ్ళాడినా, ఇల్లు కట్టినా, రిటైరైనా, ఆఖరికి పోయినా, మైకు ముందు నిలబడేది రాధాకృష్ణమూర్తిగారే. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి ఆయన కూడా రిటైరయ్యారు. ఆ వీడ్కోలు సభలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది కూడా ఆయనేనట.

పొగడ్త ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఎవరిని గురించి చెప్పినా మొదట మృదుభాషి, తరువాత స్నేహశీలి, చివర అజాతశత్రువు. గట్టు తగాదాలో సొంత తమ్ముడి తల పగలగొట్టి కోర్టుల చుట్టూ తిరిగినవాడు కూడా ఆయన చేతిలో పడితే సాయంత్రానికల్లా అజాతశత్రువైపోయేవాడు. విన్నవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పరు. సభలో అన్నమాట నిజమా అని అడగడం మా వైపు మర్యాద కాదు. తమ్ముడు కూడా ముందు వరసలో కూర్చుని, తలకు కట్టిన కట్టు సర్దుకుని చప్పట్లు కొట్టేవాడు.

అయితే ఆ విశేషణాలకు జనం రారు. జనం వచ్చేది ఒక్క మాట కోసం. ఉపన్యాసం సగంలో మూర్తిగారు ఆగి, కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి అనేవారు: "కోసేవాళ్ళ చేతుల్లో మంట, తినేవాళ్ళ నోట్లో రుచి. అదీ మిరపకాయ. అదీ జీవితం." అంతే, చప్పట్లు. మిరపకాయతో బతికే ఊళ్ళు కనక ఆ మాట సూటిగా గుండెకు తగిలేది. దాన్ని ఆయన అన్నిటికీ వాడారు. పెళ్ళిలో తల్లిదండ్రుల కష్టం మంట, పిల్లల కాపురం రుచి. రిటైర్మెంటులో ఉద్యోగం మంట, పింఛను రుచి. ఒక సంతాప సభలో పోయినాయన పడ్డ జబ్బు మంట అయింది. రుచి ఏమిటో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ మాట మూర్తిగారిది కాదు. జయపాల్‌ది.

ఈ సంగతి తెలిసినవాళ్ళలో, చిన్ననాటి తెలుగు మాస్టారు పోయాక, లోకంలో మిగిలింది ఇద్దరే, మూర్తిగారూ జయపాలూ. ఇద్దరూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. జయపాల్ వాళ్ళది ఊరి చివర చర్చి పేట. తల్లి పుల్లమ్మ మిరపచేలల్లో కాయలు కోసేది, పత్తి తీసేది. తొమ్మిదో తరగతిలో గుంటూరులో జిల్లా వక్తృత్వ పోటీ వచ్చింది. 'పల్లెసీమ' మీద మాట్లాడాలి. క్లాసంతా రాసింది. తెలుగు మాస్టారు అన్నీ చదివి, జయపాల్ రాసింది పైకి తీసి, "ఇది పంపుదాం," అన్నాడు. ఆ పైన ఆ కాగితాన్ని రాధాకృష్ణమూర్తి చేతిలో పెట్టి, "నువ్వు చెప్పు," అన్నాడు. పురోహితుల పిల్లవాడు, నోరు తిరిగినవాడు. "రాసింది ఎవడైతేనేంరా, చెప్పేవాడికి ఉచ్చారణ ముఖ్యం," అని మాస్టారు జయపాల్‌తోనే అన్నాడు. మరి జయపాల్ ఉచ్చారణ ఎట్లా ఉంటుందో మాస్టారు అడిగి వినలేదు. అవసరం లేదనుకున్నాడు. ఆ రోజుల్లో అట్లాంటి అవసరాలు చాలామందికి ఉండేవి కావు.

మూర్తి మొదటి బహుమతి కప్పు పట్టుకుని బస్సు దిగాడు. ఊరు ఊరంతా ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుంది. జయపాల్ కూడా ఒక కాలు పట్టుకుని ఎత్తాడు.

మర్నాడే చెప్పి ఉంటే అది చిన్న సవరణ. పదేళ్ళకు చెబితే తప్పు ఒప్పుకోలు. నలభై ఏళ్ళు దాటాక చెబితే ఏమంటారో మూర్తిగారికి మాట దొరకలేదు, అంత మాటకారికి కూడా. అందుకని చెప్పలేదు. జయపాలూ అడగలేదు. పదితో చదువాపి, పురుగుమందుల కొట్లో గుమస్తాగా చేరి, తరువాత సొంత కొట్టు పెట్టుకుని, మూర్తిగారి సభలన్నిటికీ వెళ్ళేవాడు. మూడో వరసలో కూర్చునేవాడు. మూర్తిగారు కళ్ళజోడు తీయగానే జయపాల్ పెదవులు కదిలేవి. అది చూసి మైకుసెట్టు గౌస్ బాషా, "జయపాల్‌గారికి మన మాస్టారి మాటలన్నీ నోటికొచ్చండీ," అని మెచ్చుకునేవాడు.

మొన్న ఒక ఏడు మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. రైతులు ఒక మందు కొట్టారు, చావలేదు, ఇంకోటి కొట్టారు, అదీ అంతే, మూడోదీ కొట్టారు. పురుగు పోలేదు గాని జయపాల్ కొట్లో కంపెనీవాళ్ళు పెట్టిన టార్గెట్ దానంతటదే దాటిపోయింది. రైతు చేలో పురుగు, డీలరుకు విమానం. కంపెనీ జయపాల్‌ని వియత్నాం యాత్రకు ఎంపిక చేసి, ఇద్దరికి టిక్కెట్లు పంపింది.

రెండో టిక్కెట్టు భార్య మహిమది. మంగళగిరి దాకా బస్సెక్కితేనే వాంతికని కవరు చేత్తో పట్టుకు కూర్చునే మనిషి ఆమె. "విమానమూ వద్దు, పడవా వద్దు. మాస్టార్ని తీసుకుపో. ఆయనకైతే కొత్త ఊళ్ళో కొత్త జనం, మాట్లాడుకుంటాడు," అంది.

మూర్తిగారు ఒక్కసారి కాదన్నారు, మర్యాదకి. రెండోసారి అడిగేలోగా పాస్‌పోర్టు ఫోటో దిగి వచ్చారు. ఆయన భార్య కామేశ్వరి కందిపొడి, చింతకాయ పచ్చడి, పది రోజులకు సరిపడా అటుకులు కట్టి, "అక్కడ ఎవరైనా అడిగితేనే మాట్లాడండి," అని చెప్పి పంపింది.

ఐదు రోజుల యాత్ర. నాలుగో రోజు హాలాంగ్ అనే చోట సముద్రంలో పడవ ప్రయాణం. అదే రోజు జయపాల్‌కి అరవై నిండుతాయి. కంపెనీ ఏరియా మేనేజరు శరత్‌చంద్ర మంగళగిరి కుర్రాడు, ఉత్సాహవంతుడు. పడవ మీద కేకు కోయించి, అందరిచేతా చీర్స్ చెప్పిస్తానన్నాడు. "మాస్టారూ, ఫ్రెండు గురించి మీరొక్క నిమిషం మాట్లాడాలండి," అన్నాడు.

ఆ పొద్దున హోటలు గదిలో మూర్తిగారు అటుకుల్లో కందిపొడి కలుపుకుంటున్నారు. జయపాల్ మంచం మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఇవ్వాళ ఆ మంటా రుచీ చెబుతావా మూర్తీ?"

"చెప్పకుండా ఎట్లారా? నీ పుట్టినరోజాయె."

"చెప్పు. చెప్పి, అది నేను రాసిందని కూడా చెప్పు."

మూర్తిగారి చెయ్యి అటుకుల్లోనే ఆగింది.

"నా కోసం కాదురా," అన్నాడు జయపాల్. "మా అమ్మకి ఎనభై మూడేళ్ళు. ఎప్పుడు ఏ సభ నుంచి వచ్చినా 'అయ్యగారు మా చేతుల గురించి చెప్పాడా?' అని అడుగుద్ది. మా కూలోళ్ళ చేతులు తలుచుకునే మహానుభావుడు ఆయనొక్కడే అని పేటంతా చెప్పుకుద్ది. నేనోసారి చెప్పా, అది నేను రాసిందే అమ్మా, నీ చేతులు చూసే రాశా అని. 'ఊరుకోరా, పురుగుమందులు అమ్ముకునేవాడివి, అయ్యగారి మాట నీదంటావేంది, తప్పు' అంది. నువ్వు చెబితే నమ్ముద్ది. శరత్ వీడియో తీస్తాడంట, దాన్ని అమ్మకి చూపిస్తా. ఇంకెప్పుడు చెబుతావురా?"

"దానికేముందిరా, చెబుతా," అన్నారు మూర్తిగారు. అటుకులు మాత్రం సగం వదిలేశారు.

బస్సులో రెండున్నర గంటలూ ఆయన లోపల తర్జనభర్జన పడ్డారు. చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని ఒకసారి అనిపించింది. పడవలో ఉండేది నాగపూర్ డీలర్లు, రాజ్‌కోట్ డీలర్లు, భటిండా డీలర్లు. తెలుగు తెలిసినవాళ్ళు తనతో కలిపి ముగ్గురు. పరువు పోయినా సముద్రంలో పోతుంది, సత్తెనపల్లి దాకా రాదు. అంతలో వీడియో గుర్తొచ్చింది. వీడియోకు సముద్రం అడ్డమా? పుల్లమ్మ చూస్తే మహిమ చూస్తుంది, మహిమ చూస్తే చర్చి చూస్తుంది, చర్చి చూస్తే కామేశ్వరి చూస్తుంది. తేలు కుట్టిన దొంగలా ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు.

హాలాంగ్ సముద్రం ఆకుపచ్చగా, చెరువంత నెమ్మదిగా ఉంది. నీళ్ళలోంచి ఎక్కడికక్కడ రాతికొండలు లేచి ఉన్నాయి. మిగతావాళ్ళు అవి చూసి నోళ్ళు తెరుస్తుంటే మూర్తిగారు పడవ మీద మైకు చూశారు. పాటలు పాడుకునేవాళ్ళ కోసం పెట్టిన మైకు. మంచి మైకు. ఆయన ప్రాణం లేచొచ్చింది.

కేకు కోశారు. సన్నటి గాజుగ్లాసుల్లో నురగలు కక్కే ద్రాక్షసారా పోసి అందరికీ ఇచ్చారు. మూర్తిగారు అది ముట్టరు. జయపాల్ చర్చిలో ప్రభువు బల్ల తీసుకునే ఆదివారం తప్ప ద్రాక్షరసం జోలికి పోడు. ఇద్దరికీ నారింజరసం పోశారు. హోవా అనే గైడు అమ్మాయి వాళ్ళ పద్ధతి చెప్పింది: అందరూ లేచి గ్లాసులు పైకెత్తాలి, ఒకరు మాట్లాడతారు, అవగానే ఒకటీ రెండూ మూడూ అని వాళ్ళ భాషలో లెక్కపెట్టి "జో!" అని అరిచి తాగాలి. ఎత్తిన గ్లాసు తాగకుండా దించకూడదు, అది పుట్టినరోజు మనిషికి అవమానం.

ఇరవై నాలుగు గ్లాసులు లేచాయి. మూర్తిగారు మైకు అందుకున్నారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా వైపు వక్త మాట్లాడుతుంటే జనం కూర్చుంటారు, పల్లీలు తింటారు, లేచి వెళ్ళి ఫోను మాట్లాడి వస్తారు. వక్తకు తొందరేమిటి? మూర్తిగారికి ఆ అలవాటే. "వేదికనలంకరించిన పెద్దలకు," అని మొదలుపెట్టారు. వేదిక లేదు. అలంకరించినవాళ్ళు పడవ నడిపే ఇద్దరు. "వియత్నాం ప్రజలకు, ఈ సముద్రమాతకు, కంపెనీ యాజమాన్యానికి," అంటూ ఒక్కొక్కరికీ నమస్కారాలు పంచారు. పంచి, మిరప పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగారు. మూడో నిమిషానికి నాగపూర్ ఆయన గ్లాసు కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చాడు. ఐదో నిమిషానికి రాజ్‌కోట్ దంపతులు ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకున్నారు. భటిండా సర్దారుగారు ఓపికపట్టి పట్టి, ఎవరూ చూడకుండా సగం తాగి, మళ్ళీ ఎత్తి పట్టుకున్నాడు. హోవా ముఖంలో నవ్వు అట్లాగే ఉంది గాని గ్లాసు పక్కకు వాలిపోతోంది. శరత్‌చంద్ర ఒకచేత్తో గ్లాసు, ఒకచేత్తో ఫోను పట్టుకుని, "మాస్టారూ, క్లుప్తంగా అండి," అని కళ్ళతో బతిమాలుతున్నాడు. అలవాటైన వక్త శ్రోత కళ్ళు చూడడు. చూస్తే వక్త కాలేడు.

తొమ్మిదో నిమిషంలో మూర్తిగారు కళ్ళజోడు తీశారు. గొంతు తగ్గించారు. "కోసేవాళ్ళ చేతుల్లో మంట, తినేవాళ్ళ నోట్లో రుచి."

జయపాల్ పెదవులు కదిలాయి.

"ఈ మాట నాది కాదు," అన్నారు మూర్తిగారు. అని, ఆగారు. ఎదురుగా శరత్‌చంద్ర ఫోను ఉంది. దాని వెనక సత్తెనపల్లి మొత్తం ఉంది. "ఈ మాట... ఈ మాట మన మట్టిది. మన శ్రమజీవులది."

బాగుంది. ఇంటి దగ్గరైతే దీనికి కూడా చప్పట్లు పడేవి.

జయపాల్ గ్లాసు కిందికి దిగింది. అందరి గ్లాసులూ అల్లల్లాడుతూ అయినా పైనే ఉన్నాయి. పుట్టినరోజు మనిషిది మాత్రం దిగింది. అతను కోపంగా చూడలేదు. మూడో వరసలో కూర్చున్నప్పుడు ఎట్లా చూసేవాడో అట్లాగే చూశాడు, ఇన్నేళ్ళూ చూసినట్టే. ఆ చూపు తనను ఇన్నేళ్ళూ ఏమడుగుతోందో మూర్తిగారికి అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది ఆయనకి. అరవయ్యేళ్ళ మనిషికి, మైకు చేతిలో ఉండగా, ఒళ్ళంతా సిగ్గేసింది.

"కాదు," అన్నారు. "మట్టిదీ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఇది వీడు రాశాడు. జయపాల్. తొమ్మిదో తరగతిలో, వాళ్ళమ్మ చేతులు చూసి రాశాడు. నేను చదివాను. కప్పు నేను తెచ్చుకున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అంతే."

ఆయన జీవితంలో విశేషణం లేకుండా చేసిన ఉపన్యాసం అదొక్కటే. తెలుగు రానివాళ్ళెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. 'అంతే' అన్నది మాత్రం ఆ గొంతు దిగిన తీరులో అందరికీ అర్థమైంది. హోవా లెక్కపెట్టడం కూడా మరిచిపోయి "జో!" అని అరిచింది. మిగతావాళ్ళందరూ ఒక్కసారిగా తాగి, భుజాలు నొక్కుకున్నారు. నాగపూర్ ఆయన వచ్చి మూర్తిగారికి చెయ్యి కలిపి, "వెరీ లాంగ్, వెరీ నైస్," అన్నాడు. జయపాల్ తన నారింజరసం అందరికంటే ఆఖరున, నెమ్మదిగా తాగాడు.

"చెప్పావురా," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

శరత్‌చంద్ర ఆ చివరి ముక్కను ఆ రోజే మా జిల్లా డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, అక్కణ్ణించి అది ఊరి గ్రూపుకు పాకింది. మూర్తిగారు రాత్రంతా ఫోను ముట్టుకోలేదు. తిట్లన్నిటికీ సిద్ధపడ్డారు: దొంగ, మోసగాడు, ఎంగిలి మాటల మనిషి. పొద్దున్నే ధైర్యం చేసి తెరిచారు.

"మాస్టారి ఔదార్యానికి పాదాభివందనాలు," అని ఒకరు. "తన జీవితకాలపు వాక్యాన్ని మిత్రుడికి పుట్టినరోజు కానుకగా ఇచ్చేసిన మహామనీషి," అని ఒకరు. దండం పెట్టే చేతుల బొమ్మలు నూట పద్నాలుగు.

ఊళ్ళో దిగాక ఇంకా ఘోరం. బస్టాండులోనే పూలదండ వేశారు. "అయ్యా, అది నిజం. వాడే రాశాడు," అని మూర్తిగారు ఎంత మొత్తుకుంటే అంత గొప్పవాడైపోయారు. చివరికి మైకుసెట్టు గౌస్ బాషా పక్కకు తీసుకుపోయి, మంచి చెప్పేవాడిలా చెప్పాడు.

"ఊరుకోండి సార్. నలభై ఏళ్ళుగా మీ మైకు నేనే పెడుతున్నా. సభలో ఎదుటి మనిషి గురించి మీరెప్పుడు నిజం చెప్పారు గనక? పోయిన నెల ఆ కాంట్రాక్టర్ని అజాతశత్రువు అన్నారు. ఆయన మీద మూడు కేసులున్నాయి. మీరు పొగిడితే వినసొంపుగా ఉంటది, వింటాం. నమ్మమంటే ఎట్లా సార్?"

మూర్తిగారు దండ తీసి గౌస్ బాషా చేతిలో పెట్టారు. తిన్నగా జయపాల్ ఇంటికి నడిచారు.

పుల్లమ్మ వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. వీడియో అప్పటికే చూపించారు, మూడుసార్లు. జయపాల్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"రా బాబూ, కూర్చో," అంది పుల్లమ్మ. "నీది ఎంత దొడ్డ మనసయ్యా! పరాయి దేశంలో మావాణ్ణి అంత పెద్ద చేసి చెప్పావు. వాడి పుట్టినరోజని నీ మాట వాడికి పెట్టావు. దేవుడు నిన్ను చల్లగా చూడాల."

"పెట్టడం కాదమ్మా. వాడే రాశాడు. నీ మీద ఒట్టు."

"ఒట్లెందుకులే నాయనా." ఆమె నవ్వింది. "కన్నదాన్ని, నాకు తెలవదా? వాడు రాస్తే గరిటె సంగతి రాసుండేవాడు. అది లేకండా వాడెట్టా రాస్తాడు?"

మూర్తిగారు మంచం పట్టె పట్టుకున్నారు. నలభై ఆరేళ్ళ కిందటి కాగితం ఆయన కళ్ళముందుకు వచ్చింది. గుంటూరు బస్సులో కూర్చుని, పెన్సిలు తీసి, అందులో ఒక వాక్యం అడ్డంగా కొట్టేసిన పద్నాలుగేళ్ళ కుర్రవాడు వచ్చాడు. కొట్టేశాడు గాని మరిచిపోలేదు. ఆయన కళ్ళజోడు తీయలేదు, గొంతు తగ్గించలేదు, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చెప్పారు.

"'కాయ కోసే రోజుల్లో మా అమ్మ నాకు అన్నం చేత్తో కలపదు. గరిటెతో కలిపి పెడుతుంది. చేతి మంట నా నోటికి తగలకూడదని.'"

పుల్లమ్మ నవ్వు ఆగిపోయింది. కొడుకు వంక చూసింది. జయపాల్ తల దించుకుని గోడ సున్నం గోటితో గీకుతున్నాడు.

"ఇది కూడా రాశావంట్రా?" అంది.

"రాశానమ్మా."

ఆమె కొంగు తీసి మొహం తుడుచుకుంది. ఆ తరువాత మూర్తిగారి వైపు తిరిగింది. ఆ చూపులో ఇప్పుడు మహానుభావుడెవరూ లేరు.

"మరి ఇన్నేళ్ళూ ఆ ముక్క చెప్పలేదేమయ్యా?"

"సభలో గరిటె అంటే బాగుండదనుకున్నానమ్మా."

"మా ఇంట్లో బాగానే ఉండేదయ్యా," అంది పుల్లమ్మ.